గాలానికి పడ్డ చేప పొడిచే రకమా? ముట్టుకునే ముందు గుర్తుపట్టడం ఎలా, పొడిస్తే ఏం చేయాలి

విశాఖ తీరంలో గాలం వేసే కొత్తవాళ్ళు నన్ను అడిగేవి దాదాపు రెండే ప్రశ్నలు. ఫోటో పంపి "ఈ చేప పేరేంటన్నా?" అని ఒకటి. "జెల్ల చేప పొడిచింది, చెయ్యి మండిపోతోంది, ఏం చేయాలి?" అని ఇంకొకటి. ఈ రెండో ప్రశ్న ఫోన్లో వస్తుంది, అదీ రాత్రి ఎనిమిది దాటాక. వాళ్ళు మొదటి ప్రశ్న చేపను ముట్టుకోకముందే అడిగి ఉంటే రెండోది అడగాల్సిన పని ఉండేది కాదు. అందుకే రెండింటికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను.

ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి. బంగాళాఖాతంలో ఉన్న చేపలన్నిటి పేర్లూ ఎవరికీ రావు, మీకూ రానక్కర్లేదు. పేరు తెలియకపోయినా ముళ్ళు ఎక్కడున్నాయో చూడటం వస్తే చాలు. అదీ తేలకపోతే పొడిచే చేప అనే అనుకోండి.

వెంట ఉండాల్సినవి

- పొడుగు ముక్కు ప్లయర్, కనీసం ఎనిమిది అంగుళాలది. పొట్టి ప్లయర్ అయితే మీ వేళ్ళు చేప ముళ్ళ దగ్గరికి వెళ్ళిపోతాయి.
- లిప్ గ్రిప్పర్, అంటే చేప కింది దవడను పట్టుకునే పట్టకారు. ఖరీదైనది అక్కర్లేదు, ప్లాస్టిక్‌ది కూడా పనికొస్తుంది.
- ముళ్ళు కత్తిరించడానికి, లైను తెంపడానికి కటింగ్ ప్లయర్.
- మూరెడు కర్ర ఒకటి.
- మందం అడుగు ఉన్న బూట్లు. హవాయి చెప్పులతో రాళ్ళ మీదికి రావద్దు.
- లీటరు ఫ్లాస్కు నిండా మరిగిన నీళ్ళు, చెయ్యి మునిగేంత గిన్నె లేదా చిన్న బకెట్టు.
- నెత్తికి పెట్టుకునే టార్చి, మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బా, ఒక బాల్ పెన్ను. పెన్ను ఎందుకో చివర్లో చెప్తాను.

తోలు గ్లౌజులు ఉంటే మంచిదే, కానీ వాటి ధైర్యంతో చేపను పిడికిట్లో బిగించొద్దు. జెల్ల ముల్లు గుడ్డ గ్లౌజులోంచి సూదిలా దూరుతుంది. తడి తువ్వాలు కూడా అంతే.

1. నీళ్ళలో ఉండగానే చూడండి

చేప దగ్గరికి రాగానే ఎత్తి ఒళ్ళోకి లాక్కోవడం అందరికీ ఉండే అలవాటు, కొత్తల్లో ఆ ఆనందం అలాంటిది. ఒక్క అర నిమిషం ఆగండి. లైను బిగువుగా ఉంచి, టార్చి వెలుతురులో చేప ఆకారం చూడండి. పళ్ళెంలా చదునుగా ఉండి వెనక కొరడా లాంటి తోక ఉందా? మూతి దగ్గర మీసాలున్నాయా? పాములా పొడుగ్గా ఉందా? పొట్ట బంతిలా ఉబ్బుతోందా? ఈ నాలుగింటిలో దేనికి "అవును" అన్నా దాన్ని చేత్తో పట్టుకోకూడదు.

పళ్ళెంలానో, పాములానో లేకపోతేనే చదును రాయి మీదో, తడి ఇసుక మీదో దించి, మూరెడు దూరంలో ఆగండి.

2. నాలుగు చోట్ల ముళ్ళు వెతకండి

వీపు మీద, రెండు పక్క రెక్కల మొదట్లో, పొట్ట కింద, తోక మీద. చేప ముళ్ళు ఎక్కువగా ఉండేది ఈ నాలుగు చోట్లే. కర్రతో వీపు రెక్కను మెల్లిగా వెనక నుంచి ముందుకు లేపి చూడండి. మెత్తటి ఈనెలు వంగుతాయి, ముళ్ళు నిటారుగా నిలబడతాయి.

ముల్లున్న ప్రతి చేపా విషపు చేప కాదు. పండుగొప్పకు వీపు ముళ్ళు గట్టివే, దాని మొప్ప అంచు కత్తిలా కోస్తుంది కూడా. కానీ ఆ గాయంలో విషం ఉండదు. పారకు తోక దగ్గర గరుకు పొలుసులుంటాయి, చెయ్యి గీరుకుంటుంది, అంతే. వంజరం, సావళ్ళ దగ్గర భయం ముళ్ళతో కాదు, పళ్ళతో. వీటికి ప్లయర్ ఉంటే సరిపోతుంది. అసలు జాగ్రత్త పడాల్సినవి ఇవీ:

జెల్ల. మన తీరంలో గాలానికి ఎక్కువగా పడేదీ, ఎక్కువమందిని పొడిచేదీ ఇదే. పొలుసులుండవు, ఒళ్ళంతా జిగురు, మూతి చుట్టూ మీసాలు. ముళ్ళు మూడు: వీపు మీద ఒకటి, పక్క రెక్కలకు ఒక్కోటి. బెదిరితే మూడింటినీ నిలబెట్టి తాళం వేసినట్టు బిగిస్తుంది. అప్పుడు నొక్కినా వంగవు. ముల్లు అంచులకు రంపం పళ్ళుంటాయి కాబట్టి దిగేటప్పటి కంటే ఊడొచ్చేటప్పుడే ఎక్కువ చీలుస్తుంది. ఇందులోనే ఒంటి మీద పొడవునా తెల్ల చారలుండి, తోక మలుగుపాములా (ఈల్ చేపలా) సన్నబడే రకం ఒకటుంది. దీని పిల్లలు గుంపుగా బంతిలా తిరుగుతాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. మామూలు జెల్ల కంటే దీని పోటు చాలా తీవ్రం. పిల్లల చేతికి ఇవ్వొద్దు.

గులివిందకూ గడ్డం కింద రెండు మీసాలుంటాయి. దాన్ని చూసి జెల్ల అనుకుని భయపడేవాళ్ళున్నారు. తేడా సులువే. గులివిందకు ఒళ్ళంతా పెద్ద పొలుసులుంటాయి, మీసాలు గడ్డం కిందే ఉంటాయి. జెల్లకు పొలుసే ఉండదు.

టేకు. పళ్ళెంలా చదునుగా, కొరడా లాంటి తోకతో ఉండే చేప ఇదే. తోక చివర కుడుతుందనుకుంటారు. కాదు, ముల్లు తోక పైభాగంలో, మొదలుకు కొంచెం ఇవతల ఉంటుంది. ఒకటి, కొన్నిసార్లు రెండు. వెనక్కి తిరిగిన రంపం పళ్ళుంటాయి. టేకు తోకను తన వీపు మీదుగా ముందుకు కూడా విసరగలదు, కాబట్టి తల వైపు నిలబడ్డా పొడుస్తుంది. గుండ్రంగా, మెత్తగా, పొట్టి లావు తోకతో ఉన్న చిన్న రకం ఒకటి పడితే దానికి ముల్లుండదు, కానీ ముట్టుకుంటే కరెంటు షాక్ కొడుతుంది. 1803లో విశాఖ చేపల గురించి అచ్చు వేసిన పాట్రిక్ రస్సెల్ మన జాలర్ల నోట విని దాన్ని "తిమిరి" అనే రాసుకున్నాడు. చెయ్యి తిమ్మిరెక్కుతుంది కాబట్టి ఆ పేరు. కానాగంత చేప శాస్త్రీయ నామంలో ఉన్న "కనగుర్త" కూడా ఆయన రాసుకున్న మన తెలుగు మాటే. ఆ పేర్లు పెట్టినవాళ్ళు చేపను చేత్తో ఎరిగినవాళ్ళు. అందుకే ముసలి జాలరి ఒక పేరు చెప్తే దాని అర్థం కూడా అడగండి.

తేలు చేపలు, రాతి చేప, సింహం చేప. రాళ్ళ దగ్గర ఉండే కుటుంబం ఇది. తేలు చేప, రాతి చేప నాచు పట్టిన రాయిలా కదలకుండా పడి ఉంటాయి. పెద్ద తల, పైకి తిరిగిన నోరు, ఒంటి మీద తోలు పీలికలు. రాతి చేపకు వీపు మీద సాధారణంగా పదమూడు ముళ్ళు, ప్రతి ముల్లు మొదట్లో విషపు సంచులు. చేపలన్నిటిలోకీ అతి తీవ్రమైన పోటు దీనిదే. సింహం చేపను గుర్తుపట్టడం కష్టం కాదు, ఎరుపు తెలుపు చారలు, ఈకల్లా విచ్చుకున్న పక్క రెక్కలు. ఆ ఈకలు కాదు పొడిచేది. వీపు మీదివి, పొట్ట కిందివి, తోక ముందు అడుగున ఉన్నవి పొడుస్తాయి.

కుందేలు చేప. కోలగా, పక్కల నుంచి నొక్కినట్టు ఉండి, కుందేలు మూతితో నాచు కొరికే చేప. చూస్తే అమాయకంగా ఉంటుంది. వీపున 13, అడుగున 7, పొట్ట రెక్కలకు ముందొకటి వెనకొకటి, అన్నీ విషపు ముళ్ళే. తినడానికి మంచి చేప, పట్టుకోవడానికి కాదు.

కప్ప చేప. బుడగ చేప అనీ అంటారు. ఇది పొడిచే విషం కాదు, తింటే విషం. వండినా, వేయించినా, ఎండబెట్టినా పోదు, విరుగుడు మందు లేదు. తల, తోలు తీసేస్తే తినొచ్చని ఎవరైనా చెప్తే నమ్మకండి, కొన్ని రకాల్లో కండలోనూ విషం ఉంటుంది. దాని పళ్ళు చిలక ముక్కులా ఉండి గాలాన్నే కొరుకుతాయి, వేలు ఒక లెక్క కాదు. ఒడ్డున పారేసి వెళ్ళొద్దు, కుక్కలు తిని చస్తాయి. ప్లయర్‌తో గాలం తీసి నీళ్ళలోకి వదిలేయండి.

సముద్రపు పాము. మలుగుపామా, నిజం పామా అన్న అనుమానం వస్తే తోక చూడండి. పాము తోక తెడ్డులా చదునుగా ఉంటుంది, ఒంటి మీద పొలుసులు కనిపిస్తాయి. మలుగుకు నున్నటి జిగురు ఒళ్ళు, వీపు పొడవునా రెక్క. అనుమానం తీరకపోతే గాలం మీద ఆశ వదులుకుని, సాధ్యమైనంత దూరంలో లైను తెంపేయండి. చచ్చినట్టు పడి ఉన్నదాన్ని కర్రతో కదపడం కూడా వద్దు.

లైను చుట్టేటప్పుడు గాజు దారాల్లాంటివి అంటుకొస్తే అవి జెల్లీ ఫిష్ పోగులు. వేళ్ళతో దూయకండి, గుడ్డతో తుడవండి.

3. గాలం తీయడం

జెల్లకు ఇలా చేయండి. గ్రిప్పర్‌తో కింది దవడ పట్టి, చేపను నేల మీదే ఉంచండి, గాల్లోకి ఎత్తకండి. గాల్లో వేలాడే జెల్ల గింజుకుంటే అది ఎటు తిరుగుతుందో మీ చేతిలో ఉండదు. రెండో చేత్తో ప్లయర్‌ను గాలం వంపు దగ్గర బిగించి, గుచ్చుకున్న దారిలోనే వెనక్కి తిప్పండి. రాకపోతే లాగకండి, గాలం దగ్గరగా లైను కత్తిరించండి. గాలం ధర రూపాయల్లో ఉంటుంది, పోటు ధర అలా ఉండదు.

టేకు అయితే దాన్ని ఒడ్డుకు ఎక్కించనే వద్దు. నీటి అంచున ఉండగానే లైను తెంపండి. తోకను తొక్కి పట్టుకోవడం, పక్కవాడిని పట్టుకోమనడం, రెండూ తప్పే. తేలు చేప, సింహం చేపలకూ ఇదే పద్ధతి.

కూరకు ఇంటికి తీసుకెళ్ళే జెల్లలు, కుందేలు చేపలు ఉంటే ముళ్ళు అక్కడే మొదలంటా కత్తిరించి, ఆ ముక్కలు డబ్బాలో వేసి మూత బిగించండి. చేప చచ్చినా ముల్లు చావదు. మనం ఒడ్డున తప్పించుకున్న పోటు ఇంట్లో చేప కోసే అమ్మకో, మీ ఆవిడకో తగిలిన సందర్భాలు నాకు చాలా తెలుసు. ఇసుకలో పారేసినా అంతే, మర్నాడు పొద్దున అక్కడ పిల్లలు కాళ్ళకు ఏమీ లేకుండా ఆడుకుంటారు.

4. పొడిస్తే

నాకు జరిగింది చెప్తాను. గాలం పట్టిన మొదటి ఏడాది. జానెడు కూడా లేని జెల్ల పిల్ల. ఎడమ చేత్తో నడుం పట్టుకుని కుడి చేత్తో గాలం లాగుతున్నాను. ఒక్కసారి తల విదిలించింది, బొటనవేలి మొదట్లో పక్క ముల్లు దిగింది. గాయం చూస్తే బియ్యపు గింజంత. రెండు నిమిషాల్లో మంట మోచేతి దాకా పాకింది. తర్వాత చంకలో గడ్డ లేచినట్టు నొప్పి, ఒళ్ళంతా చెమట. పక్కనే ఉన్న పెద్దాయన, చిన్నప్పటి నుంచి వేటకెళ్ళిన మనిషి, "ఊదకు, చీకకు, ఆ టీ బండి కాడికి పద నాయనా" అన్నాడు. టీ బండి ఆయన పాలు దించేసి, గిన్నెడు నీళ్ళు కాచి, చన్నీళ్ళు కలిపి ఇచ్చాడు. చెయ్యి అందులో పెట్టిన పావుగంటకు నొప్పి సగానికి దిగింది. ఆ రోజు నుంచి ఫ్లాస్కు లేకుండా నేను ఇల్లు కదల్లేదు.

వేడి నీళ్ళు ఎందుకంటే, ఈ ముళ్ళ విషం ప్రొటీన్లతో తయారైంది, వేడికి చాలావరకు చెడిపోతుంది. చేయాల్సిన వరస ఇది:

మొదట నీళ్ళకు దూరంగా జరిగి కూర్చోండి. నొప్పికి కళ్ళు తిరిగి రాళ్ళ మీంచి పడితే అది ఇంకా పెద్ద ప్రమాదం. ఉంగరం, వాచీ వెంటనే తీసేయండి, వాపు వచ్చాక రావు. పైకి కనిపించే ముల్లు ముక్క తేలిగ్గా వస్తే ప్లయర్‌తో తీసి, గాయాన్ని మంచినీళ్ళతో కడగండి.

తర్వాత వేడి నీళ్ళు. 45 డిగ్రీలు దాటకూడదు. థర్మామీటర్ లేకపోతే ఈ కొలత గుర్తుంచుకోండి: ఒక గ్లాసు మరుగుతున్న నీళ్ళకు నాలుగు గ్లాసుల మామూలు నీళ్ళు. మామూలు నీళ్ళు 28 నుంచి 30 డిగ్రీలుంటే అది 42 నుంచి 44 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. ఫ్లాస్కులో పోసి గంటలు గడిచి ఉంటే నాలుగు బదులు మూడు గ్లాసులు కలపండి. పొడుచుకున్న చేత్తో వేడి చూడకండి, ఆ చేతికి వేడి సరిగ్గా తెలియదు, బొబ్బలెక్కుతాయి. బాగున్న చేతి మోచేయి ముంచి చూడండి, వేడిగా అనిపించాలి కానీ ఓర్చుకోగలగాలి. అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచండి. చల్లబడితే, చెయ్యి బయటికి తీసి నీళ్ళు కలిపి మళ్ళీ పెట్టండి.

ఫ్లాస్కు లేదా? టీ బండి, దగ్గరి ఇల్లు, దారిలో హోటలు. ఇంటికెళ్ళాక అయినా పెట్టండి, ఆలస్యమైనా నొప్పికి పనికొస్తుంది.

చేయకూడనివి: గాయం పైన తాడు బిగించడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, సున్నం, కిరోసిన్, బీడీ నిప్పు. ఐసు కూడా వద్దు, ఈ పోట్లకు చలువ పనిచేయదు.

సముద్రపు పాము కాటుకు మాత్రం ఈ వరసేదీ వర్తించదు. వేడి నీళ్ళు వద్దు. మొదట నొప్పే ఉండకపోవచ్చు, అందుకే "ఏమీ కాలేదు" అని ఇంటికెళ్ళిపోతారు. ఒకటి రెండు గంటల్లో ఒళ్ళు నొప్పులు, కండరాలు బిగుసుకోవడం, రెప్పలు వాలడం, ఇంకొన్ని గంటలకు ముదురు రంగు మూత్రం వస్తాయి. కాలో చెయ్యో కదలకుండా కట్టి, మనిషిని నడిపించకుండా, 108కి ఫోన్ చేయండి. సముద్రపు పాము అని తప్పకుండా చెప్పండి. మన ఆసుపత్రుల్లో ఉండే మామూలు పాము విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర కాట్లకు తయారైంది, సముద్రపు పాము కాటుకు కాదు.

5. ఎప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలి

ఊపిరి ఆడకపోవడం, ముఖం వాపు, స్పృహ తప్పడం. టేకు ముల్లు ఛాతీ, కడుపు, మెడ, తొడల్లో దిగడం. అప్పుడు ముల్లు పీకకండి, రక్తం ఆపి ఉంచుతున్నది అదే కావచ్చు. కదలకుండా గుడ్డ చుట్టి తీసుకెళ్ళండి. రాతి చేప పోటు అని అనుమానం వచ్చినా అంతే. కప్ప చేప తిన్న వాళ్ళకు పెదాలు, నాలుక మొద్దుబారడం మొదలైతే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు, తర్వాత పోయేది ఊపిరే.

మిగతా పోట్లకూ మర్నాటి లోపు డాక్టర్ దగ్గరికి వెళ్ళి టెటనస్ సూది వేయించుకోండి. "సముద్రపు నీళ్ళలో అయిన గాయం" అని నోరు తెరిచి చెప్పండి, దాన్ని బట్టి మందులు మారతాయి. లోపల ముక్క ఉందేమోనని ఎక్స్‌రే తీయమని అడగండి. షుగర్, లివర్ జబ్బు ఉన్నవాళ్ళు మర్నాటి దాకా ఆగకూడదు. ఉప్పునీటి బాక్టీరియా వాళ్ళలో గంటల్లో ముదురుతుంది.

6. తగ్గుతోందో లేదో చూసుకోవడం

వేడి నీళ్ళలో పెట్టిన అరగంటకు నొప్పి తగ్గుముఖం పట్టాలి. బయటికి తీయగానే మళ్ళీ లేస్తే ఇంకో విడత పెట్టండి. గంటన్నరకూ మార్పు లేకపోతే డాక్టర్ చూడాల్సిందే.

పెన్ను ఇప్పుడు తీయండి. ఎర్రబడ్డ చోటు అంచు వెంట చర్మం మీద గీత గీసి, పక్కన టైము రాయండి. నాలుగైదు గంటల తర్వాత ఎరుపు ఆ గీత దాటిందా? చెయ్యి మీదికి ఎర్రటి చార పాకుతోందా? జ్వరం, చీము, నల్లటి బొబ్బలు? ఏది ఉన్నా రాత్రయినా సరే బయల్దేరండి. వారాలు గడిచినా ముట్టుకుంటే సలుపుతూనే ఉంటే లోపల ముక్క ఉండిపోయిందని అనుమానించాలి.

7. పేరు సరిగ్గా చెప్పామో లేదో చూసుకోవడం

చేపను నేల మీద పెట్టి నాలుగు ఫోటోలు తీయండి: పక్క నుంచి, పైనుంచి, పొట్ట వైపు, మూతి దగ్గరగా. పక్కన స్కేలో, లైటరో పెట్టండి, సైజు తెలియాలి. చేత్తో ఎత్తి పట్టుకుని నవ్వుతూ దిగిన ఫోటోలో వీపు రెక్క మీ వేళ్ళ కింద దాగిపోతుంది, దాన్ని చూసి పేరు చెప్పమంటే ఎవరూ చెప్పలేరు.

అందరూ చేసే పెద్ద తప్పు రంగుతో గుర్తుపట్టడం. చేప చచ్చిన కాసేపటికే రంగు మారిపోతుంది, ఐసులో పెడితే మరీ. ఆకారం, ముళ్ళ లెక్క, పొలుసు, తోక, ఈ వరసలో చూసి రంగును చివర్న పెట్టుకోండి. కనీసం మూడు గుర్తులు కలిస్తేనే పేరు ఖాయం చేయండి. చేపల వివరాలుండే ఫిష్‌బేస్ వెబ్‌సైటులో తెలుగు పేర్లతోనూ వెతకొచ్చు, కానీ ఒకే చేపకు శ్రీకాకుళంలో ఒక పేరు, కాకినాడలో ఇంకో పేరు ఉంటుంది కాబట్టి ఫోటోతో సరిచూడండి. ఫోన్ యాప్ చెప్పిన పేరును నమ్మి తెలియని చేపను మాత్రం తినకండి.

వీటన్నిటికంటే నేను నమ్మే దారి ఒకటుంది. ఉదయాన్నే విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు వెళ్ళండి. వేలం పాటలు అయిపోయి సందడి తగ్గాక, చేపలు అమ్మే అమ్మల్లో ఎవరినైనా మర్యాదగా అడిగి ఫోటో చూపించండి. ఒక్క చూపులో పేరు చెప్తారు. బుట్టలోని జెల్లను ముల్లు తగలకుండా ఎక్కడ పట్టుకుని ఎత్తుతున్నారో, కత్తిపీట మీద మొదట ఏ ముల్లు తీస్తున్నారో చూడండి. వెళ్ళేటప్పుడు వాళ్ళ దగ్గరే ఒక కిలో కొనండి, వాళ్ళ సమయం తీసుకున్నారు కదా.